నర్సింగ్ విద్యలో సాంస్కృతిక సున్నితత్వం - ఎల్‌జీబీటీక్యూ రోగుల సంరక్షణ: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఎల్‌జీబీటీక్యూ రోగులకు సాంస్కృతిక సున్నితత్వంతో సేవ చేయగలిగేలా నర్సింగ్ విద్యార్థులను తీర్చిదిద్దాలన్న ఆలోచన వెనుక కొన్ని దశాబ్దాల చరిత్ర ఉంది. అమెరికాలో మాడెలిన్ లైనింజర్ సిద్ధాంతం, శాన్‌ఫ్రాన్సిస్కోలోని 5బి వార్డు, న్యూజిలాండ్‌లో ఇరిహాపెటి రామ్స్‌డెన్ రూపొందించిన సాంస్కృతిక భద్రత భావన ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపులు. ఈ మూడింటిలోనూ మార్పు నర్సుల నుంచే మొదలైంది. భారతదేశంలో మాత్రం మార్పు ప్రధానంగా న్యాయస్థానాల నుంచి వచ్చింది. వచ్చిన మార్పు కూడా ఎక్కువగా వైద్యుల పాఠ్యప్రణాళిక చుట్టూనే తిరిగింది. ఈ తేడాకు గల కారణాలను, తెలుగు ప్రాంతాల నర్సింగ్ బోధనకు సంబంధించి దాని పర్యవసానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: నర్సింగ్ విద్య, సాంస్కృతిక భద్రత, 5బి వార్డు, లైంగిక దృక్పథం, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, పాఠ్యప్రణాళిక, వార్డు భాష.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట ఆసుపత్రి వార్డులో రోగి వెంట వచ్చినవారికి తప్పక ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "పేషెంటుకు మీరేమవుతారు?" రాత్రి వార్డులో ఎవరు ఉండవచ్చు, రోగి పరిస్థితి ఎవరికి చెప్పాలి, శస్త్రచికిత్సకు ముందు ఎవరి చేత సంతకం చేయించాలి అన్నవన్నీ ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే నిర్ణయమవుతాయి. భర్త, భార్య, తల్లి, అన్న వంటి జవాబులకు కేసు షీటులో చోటుంది. పదేళ్లుగా ఒకే ఇంట్లో కలిసి బతుకుతున్న ఇద్దరు స్త్రీలలో ఒకరు మంచాన పడితే, రెండో ఆమె చెప్పే జవాబుకు చోటు లేదు. ఇంటి నుంచి వెలివేసిన హిజ్రా రోగి వెంట ఆమె గురువు వస్తే, ఆ జవాబుకూ చోటు లేదు.

ఈ ప్రశ్న అడిగేది సాధారణంగా నర్సే. రోగిని వార్డులో చేర్చుకునేదీ, బట్టలు మార్చేదీ, కెథీటరు వేసేదీ, రాత్రంతా కనిపెట్టుకుని ఉండేదీ ఆమే. అందువల్ల లైంగిక దృక్పథం, జెండర్ అస్తిత్వం కారణంగా ఎదురయ్యే వివక్ష ఆసుపత్రిలో ఏ రూపం తీసుకుంటుందన్నది చాలావరకు నర్సింగ్ విద్య మీద ఆధారపడి ఉంటుంది. ఆ విద్యలో ఈ విషయం ఎప్పుడు, ఎవరి ద్వారా, ఏ పేరుతో ప్రవేశించిందో తెలుసుకుంటే నేటి పాఠ్యప్రణాళికల్లోని ఖాళీలు స్పష్టమవుతాయి.

2. సంస్కృతి అనే భావన నర్సింగ్‌లోకి వచ్చిన తీరు

రోగి సంస్కృతిని నర్సింగ్ జ్ఞానంలో భాగం చేసిన తొలి సిద్ధాంతకర్త మాడెలిన్ లైనింజర్ (1925-2012). 1950లలో అమెరికాలో పిల్లల మానసిక చికిత్సాకేంద్రంలో పనిచేస్తున్నప్పుడు, వేర్వేరు నేపథ్యాల పిల్లలు ఒకే రకమైన సేవకు వేర్వేరుగా స్పందించడం ఆమె గమనించారు. దాని కారణాలను వెదుకుతూ మానవశాస్త్రంలోకి వెళ్లారు. న్యూగినీలో గాడ్‌సప్ ప్రజల మధ్య క్షేత్రపరిశోధన చేశారు. 1970లో నర్సింగ్‌ను, మానవశాస్త్రాన్ని కలిపే గ్రంథం వెలువరించారు. 1974లో ట్రాన్స్‌కల్చరల్ నర్సింగ్ సొసైటీ స్థాపనకు కారకులయ్యారు.

రోగి ఆహారం, నమ్మకాలు, బంధుత్వాలు, మరణసంస్కారాలు తెలియకుండా మంచి సంరక్షణ సాధ్యం కాదన్నది ఆమె వాదనలోని సారం. అయితే ఈ దృష్టిలో సంస్కృతి అంటే ప్రధానంగా జాతి, మతం, ప్రాంతం. ఒకే ఇంట్లో, ఒకే మతంలో, ఒకే భాషలో పెరిగి కూడా తన అస్తిత్వం కారణంగా ఆ ఇంటికే పరాయి అయిన మనిషి ఈ చట్రంలో సులభంగా ఇమడడు. స్వలింగానురక్తుల గురించి తెలుసుకోవడానికి నర్సు వెళ్లవలసిన గ్రామమంటూ లేదు. వారు ప్రతి గ్రామంలోనూ, చాలాసార్లు నర్సు సొంత కుటుంబంలోనూ ఉంటారు.

ఆనాటి వైద్యశాస్త్రం ఈ విషయాన్ని మరో గదిలో పెట్టింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973 డిసెంబరులో స్వలింగానురక్తిని మానసిక రుగ్మతల జాబితా నుంచి తొలగించే వరకు అది మనోవైద్య పాఠంలో ఒక రోగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ నుంచి దాన్ని తొలగించాలని నిర్ణయించింది 1990 మే 17న. ట్రాన్స్‌జెండర్ అస్తిత్వాన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తప్పించిన 11వ వర్గీకరణకు 2019లో ఆమోదం లభించింది. అది 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అంటే సంస్కృతి గురించి ఒక తరగతిలో నేర్చుకున్న విద్యార్థిని, ఈ మనుషుల గురించి మాత్రం రుగ్మతల తరగతిలోనే విన్నది.

3. 5బి వార్డు: వార్డులో పుట్టిన పాఠం

ఈ స్థితిని మొదట కదిలించింది ఎయిడ్స్. 1981 తర్వాత అమెరికా నగరాల్లో యువకులైన స్వలింగానురక్త పురుషులు పెద్దసంఖ్యలో మరణించసాగారు. వ్యాధి ఎలా సోకుతుందో స్పష్టంగా తెలియని ఆ తొలి సంవత్సరాల్లో భయం ఆసుపత్రులను ఆవరించింది. భోజనం పళ్లాలను గది గుమ్మం దగ్గరే వదిలివెళ్లడం, ఒళ్లంతా రక్షణ దుస్తులు తొడుక్కుంటే తప్ప రోగి దగ్గరికి రాకపోవడం వంటివి నాటి జ్ఞాపకాల్లో నమోదయ్యాయి.

1983 జులైలో శాన్‌ఫ్రాన్సిస్కో జనరల్ హాస్పిటల్‌లో ఎయిడ్స్ రోగుల కోసం 12 పడకలతో 5బి వార్డు మొదలైంది. దాన్ని రూపొందించి నడిపిన వ్యక్తి క్లిఫ్ మారిసన్ అనే నర్సు. అక్కడ పనిచేయడానికి ముందుకు వచ్చిన నర్సులనే ఎంపిక చేశారు. కౌన్సెలింగ్‌కు శాంతి ప్రాజెక్ట్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పడింది. ఈ వార్డు తెచ్చిన మార్పుల్లో రెండింటిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

మొదటిది స్పర్శ. రక్తం, శరీరద్రవాలతో సంబంధం లేని సందర్భాల్లో చేతి తొడుగులు లేకుండానే నర్సులు రోగి చేయి పట్టుకున్నారు, పక్కన కూర్చున్నారు. ఇది వైద్యపరంగా సరైనదేనని తర్వాతి పరిశోధన నిరూపించింది. రెండవది బంధుత్వం. రోగికి కుటుంబం ఎవరన్నది ఆసుపత్రి కాక రోగే చెప్పే పద్ధతి ఇక్కడ అమలైంది. చట్టం గుర్తించని జీవన భాగస్వామి మంచం పక్కన ఉండగలిగాడు. ఏళ్ల తరబడి పలకరించని రక్తసంబంధీకుడు ఆఖరి గడియలో వచ్చి అతన్ని బయటకు పంపే పరిస్థితికి అడ్డుకట్ట పడింది.

5బి వార్డులో అమలైన విధానం ఏ పాఠ్యగ్రంథం నుంచీ వచ్చింది కాదు. పాఠ్యగ్రంథమే తర్వాత దాని దగ్గరికి వచ్చింది. ఇతర ఆసుపత్రులు ఆ నమూనాను అనుసరించాయి. ఎల్‌జీబీటీక్యూ రోగి సంరక్షణ అంటే పదజాలం నేర్పడం కాదనీ, ప్రవేశం, స్పర్శ, సందర్శన, సంతకం వంటి దైనందిన వార్డు పనులను మార్చడమనీ ఆ అనుభవం చూపింది.

అయినా తరగతి గది నెమ్మదిగానే కదిలింది. 2011లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఈ వర్గాల ఆరోగ్యంపై సమగ్ర నివేదిక ప్రచురించింది. అదే ఏడాది వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం అమెరికా, కెనడా వైద్య కళాశాలల్లో ఈ విషయానికి కేటాయించిన బోధనా సమయపు మధ్యగత విలువ మొత్తం కోర్సులో 5 గంటలు. నర్సింగ్ డిగ్రీ అధ్యాపకుల మీద 2015లో ప్రచురితమైన జాతీయ సర్వేలో అది దాదాపు 2 గంటలు. రోగి దగ్గర ఎక్కువసేపు ఉండే వృత్తికే తక్కువ పాఠం దక్కింది.

4. న్యూజిలాండ్: ప్రశ్న దిశ మారిన సందర్భం

సిద్ధాంతపరంగా పెద్ద మలుపు న్యూజిలాండ్‌లో వచ్చింది. 1988లో జరిగిన ఒక సమావేశంలో మావోరి నర్సింగ్ విద్యార్థిని ఒకరు అధ్యాపకులను నిలదీశారు. చట్టపరమైన భద్రత, నైతిక భద్రత, వైద్యపరమైన భద్రత అంటూ బోధిస్తున్నారు సరే, మరి సాంస్కృతిక భద్రత మాటేమిటన్నది ఆమె ప్రశ్న సారాంశం. మావోరి నర్సు, విద్యావేత్త ఇరిహాపెటి రామ్స్‌డెన్ (1946-2003) ఆ ప్రశ్నను పట్టుకుని ఒక బోధనా విధానంగా విస్తరించారు. 1992లో దేశ నర్సింగ్ కౌన్సిల్ దాన్ని నర్సింగ్ విద్యలో భాగం చేస్తూ మార్గదర్శకాలు విడుదల చేసింది.

లైనింజర్ దృష్టికి, రామ్స్‌డెన్ దృష్టికి ఉన్న అంతరం ఈ వ్యాసాంశానికి కీలకం. లైనింజర్ విధానంలో నర్సు రోగిని అధ్యయనం చేస్తుంది. రామ్స్‌డెన్ విధానంలో నర్సు ముందుగా తనను తాను అధ్యయనం చేసుకుంటుంది. తన నమ్మకాలేమిటి, తన చేతిలో ఉన్న అధికారమేమిటి, ఆ అధికారం రోగికి ఎలా కనిపిస్తుంది అని ప్రశ్నించుకుంటుంది. సేవ భద్రంగా ఉందో లేదో తేల్చవలసింది నర్సు కాదు, సేవ పొందినవారు.

ఈ మార్పు వల్లనే సంస్కృతి అనే మాటకు జాతిని దాటిన అర్థం వచ్చింది. వయసు, జెండర్, లైంగిక దృక్పథం, వృత్తి, ఆర్థికస్థితి, మతం, వైకల్యం వంటివన్నీ కౌన్సిల్ తర్వాతి మార్గదర్శకాల్లో సంస్కృతి నిర్వచనంలోకి వచ్చాయి. అధికారాన్ని ప్రశ్నించే బోధన కనుక వ్యతిరేకత కూడా తప్పలేదు. 1990ల మధ్యలో పత్రికల్లో వివాదం చెలరేగి పార్లమెంటరీ కమిటీ విచారణ దాకా వెళ్లింది. 1996లో మార్గదర్శకాలను సవరించారు గాని, భావనను వదులుకోలేదు. అదే దశాబ్దంలో 1998లో అమెరికా వైద్యులు మెలనీ టెర్వలాన్, జాన్ మర్రీ-గార్సియా ప్రతిపాదించిన సాంస్కృతిక వినమ్రత భావన కూడా ఇదే దిశలో సాగింది. ఇతరుల సంస్కృతిలో ప్రావీణ్యం సాధించడం అసాధ్యమనీ, జీవితాంతం సాగే ఆత్మపరిశీలనే సాధ్యమనీ వారు వాదించారు.

5. భారతదేశం: రిజిస్టరు నుంచి రిస్కు జాబితా దాకా

భారతదేశంలో ఈ రోగులకు ఆసుపత్రితో ఉన్న సంబంధం వేరే చరిత్ర నుంచి వచ్చింది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ స్వలింగ సంపర్కాన్ని నేరం చేసింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టంలోని రెండో భాగం హిజ్రాలను రిజిస్టర్లలో నమోదు చేయించింది. నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, ఇదే నమూనాలో ఒక చట్టం వచ్చింది. నగరంలోని "నపుంసకుల" జాబితా తయారు చేయడానికి, స్త్రీ వేషధారణలో బహిరంగంగా కనిపించినా, ఆడిపాడినా వారంటు లేకుండా అరెస్టు చేయడానికి అది వీలు కల్పించింది.

ఈ చట్టాల్లో వైద్యచరిత్రకు సంబంధించిన అంశం ఒకటుంది. నపుంసకత్వాన్ని తానే ఒప్పుకున్న వ్యక్తితో పాటు, వైద్యపరీక్షలో అలా తేలిన వ్యక్తి కూడా చట్టం దృష్టిలో నపుంసకుడే. అంటే వైద్యపరీక్ష చికిత్సకు దారి కావడానికి బదులు పోలీసు రిజిస్టరుకు దారి అయింది. నేటికీ ట్రాన్స్‌జెండర్ రోగి శరీరపరీక్షకు వెనుకాడితే దాన్ని అజ్ఞానంగా, మొండితనంగా చూడడం ఈ చరిత్రను మరచిపోవడమే. తెలంగాణ హైకోర్టు ఈ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది 2023 జులైలో. అప్పటికి అది పుట్టి వంద సంవత్సరాలు దాటింది.

రెండో దశలో ఈ మనుషులు ఆసుపత్రి లెక్కల్లోకి వచ్చింది హెచ్ఐవీ ద్వారా. 1986లో దేశంలో తొలి కేసులు చెన్నైలో బయటపడ్డాయి. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. తర్వాతి దశల్లో పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషులు, ట్రాన్స్‌జెండర్లు రిస్కు ఎక్కువగా ఉన్న వర్గాలుగా గుర్తింపు పొందారు. పరీక్షలు, మందులు, కండోములు వారికి అందాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వంటి హెచ్ఐవీ ఉద్ధృతి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఈ కార్యక్రమం ఎందరి ప్రాణాలో కాపాడింది. అయితే దాని నీడ కూడా బోధన మీద పడింది. హెచ్ఐవీ అధ్యాయంలో మాత్రమే పరిచయమైన మనిషి, విరిగిన కాలితోనో మధుమేహంతోనో వచ్చినప్పుడు కూడా నర్సు కళ్లకు అంటువ్యాధిగానే కనిపించే ప్రమాదం ఏర్పడింది.

6. న్యాయస్థానం నుంచి పాఠ్యప్రణాళికకు

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నాల్సా కేసులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు తమ జెండర్‌ను తామే నిర్ణయించుకునే హక్కును గుర్తించింది. హిజ్రాలతో పాటు జోగప్పలు, శివశక్తులు వంటి తెలుగు ప్రాంతాలతో సంబంధమున్న సమూహాల ప్రస్తావన ఆ తీర్పులో ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం లైంగిక దృక్పథం ఆధారంగా వైద్యంలో వివక్ష చూపరాదని స్పష్టం చేసింది. 2018 సెప్టెంబరు 6న నవ్‌తేజ్ సింగ్ జోహర్ కేసులో 377వ సెక్షన్ పరిధి నుంచి వయోజనుల సమ్మతి సంబంధాలకు విముక్తి లభించింది.

2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టంలోని 15వ సెక్షన్ ఆరోగ్యానికి సంబంధించినది. ఈ వర్గపు ఆరోగ్య సమస్యలను దృష్టిలో పెట్టుకుని వైద్య పాఠ్యప్రణాళికను సమీక్షించాలని అది చెబుతుంది. అయితే ఆ వాక్యం వైద్యుల గురించే మాట్లాడుతుంది. నర్సుల విద్య ఆ సెక్షన్‌లో లేదు. 2021లో మద్రాసు హైకోర్టు ఎస్. సుష్మ కేసులో లైంగిక దృక్పథాన్ని మార్చే చికిత్సలను నిషేధించి, ఆరోగ్య వృత్తినిపుణులకు అవగాహన కల్పించాలని ఆదేశించింది. దాని తర్వాత పాఠ్యపుస్తకాల్లోని అవమానకర వర్ణనలపై కదలిక వచ్చింది జాతీయ వైద్య కమిషన్‌లోనే. 2021 అక్టోబరులో కమిషన్ కళాశాలలకు, ప్రచురణకర్తలకు సూచనలు జారీ చేసింది. 2022లో మార్పిడి చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది.

ఈ విజయాలు స్థిరమైనవి కావని 2024 చూపింది. ఆ ఏడాది ఆగస్టు చివరలో విడుదలైన వైద్యవిద్య మార్గదర్శకాల్లో, స్త్రీల మధ్య అనురక్తిని అసహజ నేరాల జాబితాలో చేర్చిన పాత పాఠం మళ్లీ కనిపించింది. తీవ్ర విమర్శల తర్వాత కొద్దిరోజుల్లోనే వాటిని ఉపసంహరించుకున్నారు.

వైద్యుల పాఠం గురించి ఇంత వాదోపవాదం జరుగుతుండగా నర్సుల పాఠం దాదాపు చర్చలోకే రాలేదు. దీనికి ఒక వ్యవస్థాగత కారణం ఉంది. వైద్యవిద్య ఒక నియంత్రణ సంస్థ కింద, 1947 చట్టంతో ఏర్పడిన భారత నర్సింగ్ కౌన్సిల్ పరిధిలోని నర్సింగ్ విద్య మరో సంస్థ కింద ఉన్నాయి. ఒకదానికి వచ్చిన ఆదేశం రెండోదానికి దానంతటదే వర్తించదు. 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళికలో నర్సింగ్ ఫౌండేషన్ కోర్సు కింద లైంగిక ఆరోగ్యం, లైంగిక దృక్పథం అనే మాటలు ఉన్నాయి. మానసిక ఆరోగ్య నర్సింగ్‌లో లైంగిక రుగ్మతల యూనిట్ కూడా ఉంది. ఈ రెండింటి మధ్య సంబంధం ఏమిటో విద్యార్థికి వివరించే బాధ్యత పూర్తిగా అధ్యాపకుల విచక్షణకే మిగిలింది. మొదటి మాటను ఒక నిమిషంలో దాటవేసి రెండో యూనిట్‌ను విస్తరించి చెప్పినా, పాఠ్యప్రణాళిక పూర్తయినట్లే లెక్క.

7. తెలుగు వార్డు భాష

నర్సింగ్ బోధన ఆంగ్లంలో సాగుతుంది, వార్డు మాత్రం తెలుగులో నడుస్తుంది. ఈ అంతరం ఎల్‌జీబీటీక్యూ సంరక్షణలో ప్రత్యేక సమస్యను సృష్టిస్తుంది. పాశ్చాత్య పాఠ్యగ్రంథాలు సర్వనామాల గురించి చెప్పే పాఠం తెలుగుకు యథాతథంగా అతకదు. తెలుగులో ఉత్తమ, మధ్యమ పురుషల్లో క్రియకు లింగభేదం లేదు. "మీరు మాత్ర వేసుకున్నారా?" అనే ప్రశ్న ఎవరినైనా అడగవచ్చు. చిక్కు ప్రథమపురుష ఏకవచనంలో వస్తుంది. డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు మరో నర్సుకు రోగి గురించి చెప్పేటప్పుడు "నిద్రపోయాడు" అనాలా, "నిద్రపోయింది" అనాలా అన్నది ఆమె నిర్ణయించక తప్పదు. రోగి అక్కడే మంచం మీద ఉండి ఆ మాట వింటుంది. హిజ్రా రోగిని "వాడు" అన్నా, "అది" అన్నా గాయం తగిలేది అక్కడే.

దీనికి పరిష్కారం కూడా తెలుగులోనే ఉంది. గౌరవ బహువచనానికి లింగభేదం లేదు. "నిద్రపోయారు", "వారు", పేరు చివర "గారు" అనే మూడు అలవాట్లు చాలు. కొత్త పదం దిగుమతి చేసుకోనవసరం లేదు. అందరు రోగులకూ ఇదే వాడితే ఎవరినీ వేరుగా చూపినట్లు కూడా కాదు.

బంధుత్వ సంబోధనల విషయం మరింత సున్నితమైనది. అన్నా, అక్కా, అమ్మా అని పిలవడం తెలుగు నర్సు ఆప్యాయతకు గుర్తు. అయితే ఆ పిలుపుతోనే ఆమె రోగి జెండర్‌ను నిర్ణయిస్తోంది. "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని ఒకసారి అడిగితే ఆప్యాయత పోదు, ఆ నిర్ణయం రోగి చేతికి వెళ్తుంది. రామ్స్‌డెన్ చెప్పిన అధికార బదిలీ తెలుగు వార్డులో ఇంత చిన్న వాక్యంగా కనిపిస్తుంది.

తెలుగు నేలపై దీనికి నిదర్శనం లేకపోలేదు. 2021 జనవరిలో హైదరాబాదు నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులే నిర్వహించే మిత్ర్ క్లినిక్ మొదలైంది. సాధారణ వైద్యం, హార్మోన్ చికిత్సపై మార్గదర్శనం, మానసిక ఆరోగ్య సలహా, హెచ్ఐవీ సేవలు అక్కడ ఒకేచోట అందాయి. అమెరికా ప్రభుత్వ సహాయం నిలిచిపోవడంతో 2025 జనవరిలో అది మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ తోడ్పాటుతో సబ్‌రంగ్ పేరిట సేవలు మళ్లీ మొదలయ్యాయి. గౌరవంగా పిలిచే చోటికి రోగులు వస్తారని ఆ క్లినిక్ చూపింది. అయితే అలాంటి చోటు విదేశీ నిధి మీద ఆధారపడితే ఎంత బలహీనమో కూడా చూపింది. ప్రతి జిల్లా ఆసుపత్రి నర్సుకు ఆ శిక్షణ ఉంటే ఒక క్లినిక్ మూతపడడం అంత పెద్ద విపత్తు కాదు.

8. ముగింపు

పై పరిశీలనలో రెండు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, ఎల్‌జీబీటీక్యూ రోగుల పట్ల సున్నితత్వం నిలకడగా అమలైన చోట్ల దానికి నాయకత్వం వహించింది నర్సులు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వారు వార్డును మార్చారు, న్యూజిలాండ్‌లో పాఠ్యప్రణాళికను మార్చారు. రెండు, భారతదేశంలో హక్కులు తీర్పుల రూపంలో పైనుంచి వచ్చాయి గాని, వాటిని మంచం దాకా తీసుకువెళ్లవలసిన వృత్తికి ఆ బాధ్యతను ఎవరూ స్పష్టంగా అప్పగించలేదు.

2023 ఆగస్టులో ఆమోదం పొందిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం ఈ లోపాన్ని సరిదిద్దే అవకాశం ఇస్తుంది. కొత్త పాఠ్యప్రణాళికల్లో ఈ విషయాన్ని ప్రత్యేక ఉపన్యాసంగా కాక, రోగి ప్రవేశం, డ్యూటీ మార్పిడి నివేదిక, శరీరపరీక్షకు ముందు అనుమతి, కుటుంబంతో సంభాషణ అనే నాలుగు నైపుణ్యాల్లో భాగంగా బోధించి, క్లినికల్ పరీక్షలో అంచనా వేయడం చారిత్రక అనుభవానికి అనుగుణంగా ఉంటుంది. పరీక్షలో లేని పాఠం వార్డు దాకా చేరదని అధ్యాపకులందరికీ తెలుసు.

2023 అక్టోబరు 17న స్వలింగ వివాహాలకు చట్టబద్ధత కల్పించడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. 2024 ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు లేఖ రాస్తూ, దగ్గరి బంధువులు లేని సందర్భంలో భాగస్వామి మృతదేహాన్ని కోరే వీలు కల్పించాలని సూచించింది. మరణించిన తర్వాత ఆ భాగస్వామికి దక్కే ఈ గుర్తింపు, బతికి ఉండగా మంచం పక్కన కూర్చోవడానికి కూడా దక్కాలి. చట్టం పూర్తిగా మారే వరకు ఆ మధ్యకాలాన్ని నింపగలిగినది "పేషెంటుకు మీరేమవుతారు?" అని అడిగే నర్సు మాత్రమే. ఆ ప్రశ్న వేసి, వచ్చిన జవాబును అలాగే కేసు షీటులో రాసుకోవడం ఆమెకు కళాశాలలోనే నేర్పవలసిన పాఠం.